తిరగలాయన ఇరుసు

పేరుకు అణువిద్యుత్ కేంద్రమే గానీ, అందులోంచి ఒక్క బల్బుకు సరిపడా కరెంటు ఏనాడూ రాలేదు. కట్టడం సగంలో ఆగింది. ప్రభుత్వాలు మారాయి, విధానాలు మారాయి; ఆ యంత్రశాలలో మారనివాడు ఒక్కడే. టర్బైను ఇరుసును కదపకుండా వదిలేస్తే తన బరువుకు తానే వంగిపోతుంది, ఇక పనికి రాదు. అందుకని వారంవారం నూనె పెట్టి, చేతిచక్రంతో దాన్ని కాస్త తిప్పడానికి ఒక మనిషిని పెట్టారు. అందరూ అతన్ని తిరగలాయన అన్నారు.

పెళ్లయిన కొత్తలో చేరాడు. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. ఆ ఇరుసు తనంతట తాను తిరగడం కళ్లారా చూడాలి, అంతే అతని కోరిక.

కరెంటు పోయినప్పుడల్లా భార్య విసనకర్ర అతని ఒళ్లోకి విసిరేది. "అక్కడ ఊరికే తిప్పుతావుగా, ఆ చేత్తోనే ఈ ఫ్యానూ తిప్పరాదూ?"

"అది మొదలవనీ, చలేస్తోంది ఫ్యానాపమని నువ్వే అంటావు."

"అప్పటిదాకా నేనుండొద్దూ!"

ఉండలేదు. ఆవిడ పోయిన వారం కూడా అతను వెళ్లి తిప్పొచ్చాడు.

ఈ ఏడు చమురు ఓడల రాక ఆగిపోయేసరికి పెద్దలకు ఇంధన భద్రత గుర్తొచ్చింది. కేంద్రాన్ని పూర్తి చేస్తామన్నారు. ఇంజనీరమ్మ వచ్చి ఇరుసును పొద్దంతా కొలిచింది. తిరగలాయన పురిటిగది బయట నిలబడ్డట్టు గోడకానుకుని నిలబడ్డాడు.

"వెంట్రుకంత వంపు కూడా లేదు బాబాయ్!"

ఆ రాత్రి అతను భార్య ఫొటో ముందు కూర్చుని ఒక్కడే నవ్వుకున్నాడు.

నెల తిరక్కుండా ఆ అమ్మాయే మళ్లీ వచ్చింది. ఈసారి తల దించుకుని. "అణు ఇంధనం అమ్మే దేశం టర్బైను కూడా తన దగ్గరే కొనాలంది బాబాయ్. సరేనన్నారు. దీన్ని పాత ఇనుముకిచ్చేశారు."

ఒకరి మీద ఆధారపడకూడదని మొదలుపెట్టి అన్నీ ఒక్కరి దగ్గరే కొనడాన్ని ఆ వారం పత్రికలు దూరదృష్టి అన్నాయి.

"తిన్నగానే ఉందన్నావు కదమ్మా?" అన్నాడతను.

"తిన్నగానే ఉంది బాబాయ్."

గ్యాసు మంటతో కోసేవాడు వచ్చాడు. పైవైపు కొంత కోసి, మంట ఆపి, నల్లద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"పెద్దాయనా, అడుగువైపు అందట్లేదు. దీన్ని తిప్పేది నువ్వేనటగా? కాస్త తిప్పు."

తిరగలాయన చెయ్యి అలవాటుగా నూనెడబ్బా మీదికి పోయింది.

"నూనె వద్దయ్యోయ్, అంటుకుంటే ఇద్దరం పోతాం!"

డబ్బా కింద పెట్టేసి, చక్రం పట్టుకున్నాడు. నూనె లేకపోయినా ఇరుసు చప్పుడు చెయ్యకుండా తిరిగింది.