హార్బరు బస్సూ, పలకల పెట్టే

మొన్న విశాఖపట్నంలో మనవరాలు నన్ను ఏసీ బస్సెక్కించింది. తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. ఎత్తు మీద సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు జానెడు వెనక్కి జారిందో లేదో, ముందు సీటు కడ్డీ పట్టేసుకున్నాను. "ఏంది తాతా, భయమా?" అంది. "భయమా? ఇదే ఊళ్ళో ఒకప్పుడు బస్సును ఒంటిచేత్తో ఆపినోణ్ని!" అన్నాను. కడ్డీ మాత్రం వదల్లేదు.

అప్పట్లో ఆ ఊరికి సిటీ బస్సులు కొత్త. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కులో హ్యాండిల్ పెట్టి నలుగురు తిప్పితే, నలుగురు కాదు లెండి, ఒక్కడే తిప్పితే, దగ్గుకుంటూ లేచేవి. తలుపుల్లేవు. కండక్టరు తాడు లాగితే డ్రైవరు నెత్తిమీద గంట మోగేది. మా అక్క భర్తా నేనూ మార్కాపురం నుంచి పలకల పెట్టె మోసుకెళ్ళి అలాంటి బస్సెక్కాం. హార్బరు దగ్గర, ఓడల్లో సరుకు పంపే షావుకారుకు చూపించాల్సిన నమూనాలవి. బావ తన పలకరాయి గని మీద పెట్టుకున్న ఆశంతా నా ఒళ్ళో ఉంది.

ఎత్తు సగం ఎక్కాక ఇంజను ఆగిపోయింది. బస్సు మెల్లగా వెనక్కి కదిలింది. డ్రైవరు బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. అయినా కదులుతూనే ఉంది. వెనక సముద్రం నోరు తెరుచుకుని ఉందని ఇన్నేళ్ళూ చెప్పుకొచ్చాను. సముద్రం అక్కడికి మైలు దూరం. వెనక ఉన్నది, బుట్టలు పెట్టుకుని కూర్చున్న చేపలమ్మే ఆడవాళ్ళు. ఒకామె తలెత్తి మా వైపు చూసింది. ఆ కళ్ళు చూశాక నా కాళ్ళు నావి కాకుండా పోయాయి.

నేను దూకి పెట్టెను చక్రం కింద తోశానన్నది మా ఊరంతా ఎరిగిన కథ. దూకింది బావ. గిద్దలూరు ఘాటులో బస్సు ఆగితే క్లీనరు దిగి చక్రం వెనక చెక్క దిమ్మ పెట్టడం ఎన్నోసార్లు చూసినవాడు.

"పెట్టె ఇయ్యి, బామ్మర్దీ!"

"పలకలు బావా, పగిలిపోతాయి!"

"మనుషులు సస్తారు, ఇయ్యవయ్యా!"

ఇవ్వలేదు. ఇంకా గట్టిగా వాటేసుకున్నాను. నా వేళ్ళు ఊడదీసి, లాక్కుని దూకాడు. చెక్కా రాయీ కలిసి నలిగిన చప్పుడు. బస్సు ఆగింది, ఆమె బుట్టకు బారెడు దూరంలో.

షావుకారు ఆ ముక్కలు చూసి, రెండోసారి రమ్మనలేదు. ఇంటికొచ్చాక అక్క "నమూనాలేమైనాయిరా?" అని నిలదీస్తే, "వాటితోనే నేను బస్సు ఆపినా" అనేశాను. బావ నా వంక ఒక్క క్షణం చూసి, "అవునే, నీ తమ్ముడే ఆపినాడు" అన్నాడు. తర్వాత ప్రతి పెళ్ళిలోనూ నేను కథ పెంచుతూ చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నాడు. ఒక్కసారీ కాదనలేదు. నిజం ఒప్పుకుందామని నోరు తెరిచినప్పుడల్లా, బస్సులో కాళ్ళు చచ్చుబడ్డ ఆ భయమే మళ్ళీ పట్టుకునేది. చెప్పే ధైర్యం నాకొచ్చేసరికి, వినాల్సిన బావ కాలం చేశాడు.