చేతులు కాలాక పత్తి

మా ఊళ్ళో దీపావళీ, మొదటి తీతలో ఏరిన పత్తీ ఒకేసారి ఇంటికొస్తాయి. ఒకటి నిప్పు, రెండోది దానికి ఇష్టమైన తిండి. ఈ రెండింటినీ ఒకే కప్పు కింద పెట్టుకుని పండగ చేసుకోవడంలో చిలకలూరిపేట చుట్టుపక్కల రైతులకు చాలా అనుభవముంది. నాకు మాత్రం అనుభవం కంటే భయం ఎక్కువ. ఆ ఏడు సరిగ్గా తీత వేళకు వాన పట్టుకుంది. తేమ ఆరేదాకా అమ్మే వీల్లేక పత్తంతా ముందుగదిలో పోశాం. టీవీ సగం దాకా మునిగింది. వార్తలు చదివే అమ్మాయి మెడ వరకూ పత్తిలో కూరుకుపోయి కూడా నాకంటే ధైర్యంగా కనిపించేది.

పండగనాడు మధ్యాహ్నం నుంచే నేను రక్షణ ఏర్పాట్లలో పడ్డాను. కిటికీలకు తడిగోతాలు కట్టాను. గుమ్మానికి అటూ ఇటూ రెండు బకెట్ల నీళ్లు, అవి చాలవేమోనని ఒక డ్రమ్ము. వీధికి అవతలి అంచున తప్ప ఎక్కడా టపాకాయ వెలిగించకూడదని ఇంట్లో ప్రకటించాను. ఇంట్లో అంటే వినడానికి ఉన్నది నా భార్య ఒక్కతే. ఆమె జాకెట్లు కుడుతుంది. ఆ చుట్టుపక్కల ఆమె కత్తెరకు పేరుంది, నాకు ఆమె భర్తనని పేరుంది. కార్తీకమాసం పెళ్లిళ్లవాళ్ల గుడ్డలు ముందేసుకుని కూర్చున్న మనిషి, నా హడావుడి చూసి, పత్తికి ఇంత చేస్తున్నారు, మనుషులకేమైనా చేశారా అని అడిగింది. మనుషులు పరిగెత్తగలరు, పత్తి పరిగెత్తలేదు కదా అన్నాను. చాలా తెలివైన మాట అన్నాననుకున్నాను.

చీకటి పడుతుండగా దీపాలు పెట్టి కాకరపువ్వొత్తులు, మతాబులు కాల్చాం. మొదటి చిచ్చుబుడ్డి బాగానే పూసింది. రెండోది నాలుగు రవ్వలు కక్కి ఊరుకుంది. అలా ఊరుకున్నదాన్ని ముట్టుకోకూడదని, నీళ్లు పోయాలని నాకు తెలుసు. వీధిలో బండ్లు తిరుగుతున్నాయి, దారిలో దాన్నలా వదిలేయడం ఆమెకు నచ్చలేదు.

"ఏమండీ, ఒక బకెట్టు ఇటు తెండి. దీనిమీద కుమ్మరిద్దాం" అంది.

నేను గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు. "అవి పత్తికోసం పెట్టిన నీళ్లు. అక్కడే ఉండాలి" అన్నాను.

నీళ్లు దాని దగ్గరికి రాకపోతే దాన్నే నీళ్ల దగ్గరికి తీసుకుపోదామనుకుంది కాబోలు. విసుగ్గా వంగి, కుడిచేత్తో దాన్ని పట్టుకుని బకెట్టు వైపు నడిచింది. నాలుగడుగులైనా వేసిందో లేదో, చేతిలోనే పేలింది. చప్పుడు పెద్దదేమీ కాదు. ఒక్క తెల్లటి వెలుగు, గుప్పుమని పొగ. పొగ చెదిరాక చూస్తే, మణికట్టు గట్టిగా పట్టుకుని వీధిలో కూలబడి ఉంది.

లోకంలో చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. నేను పత్తి పట్టుకున్నాను. లోపలికి పరిగెత్తి రెండు గుప్పిళ్లు తెచ్చి, గింజలతో సహా, బొటనవేలి నుంచి మణికట్టు దాకా అద్ది, తువ్వాలు చీల్చి కట్టేశాను. ఆసుపత్రిలో వాడేదీ పత్తే కదా అనుకున్నాను. ఆపత్తిలోనే పత్తి ఉంది, ఆ క్షణాన నాకు తోచింది అంతవరకే.

ఎదురింట్లో ఆటో నడిపే అతను అప్పటికే బండి తిప్పి పెట్టాడు. కట్టు చూసి నిలబడిపోయాడు.

"అదేంటన్నా, పత్తి చుట్టావా? దారంతా కాలుస్తున్నారు. ఒక్క రవ్వ పడితే వదిన చెయ్యి దివిటీ అయిపోద్ది."

తనే మా కిటికీకున్న తడిగోతం పీకి ఆమె చేతిమీద కప్పాడు.

పేటకు వెళ్లే దారి నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ఆ సాయంత్రం మాత్రం ప్రతి మలుపూ కొత్తగా ఉంది. ఒకచోట ఔట్ల దండ పరిచి అప్పుడే అంటించారు, అది అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. ఇంకోచోట తారాజువ్వ ఒకటి పైకి పోవడం ఇష్టంలేక రోడ్డు వెంబడే మాకు ఎదురొచ్చింది. నేను గోతం మీద రెండు చేతులూ పరిచి కూర్చున్నాను. ఊరంతా పండగ చేసుకుంటున్నందుకు ఊరంతటి మీదా కోపం వచ్చింది.

హైవే ఎక్కాక ఆమె నెమ్మదిగా అంది. "బొటనవేలు కదలట్లేదండీ. కత్తెర పట్టుకోలేనేమో."

ఏమీ కాదన్నాను. ఆ మాట చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటో నాకే తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పించి, కాసేపు చూసి, పత్తి పండిస్తారా అని అడిగింది. ఎలా తెలిసిందన్నాను. కాలిన చేతికి పేస్టు పూసుకొచ్చేవాళ్లు, సిరా పోసుకొచ్చేవాళ్లు అన్ని ఊళ్లనుంచీ వస్తారట, పంట తీసుకొచ్చేది మాత్రం మా ఊళ్లవాళ్లేనట. అంటూనే ఉప్పునీటితో తడుపుతూ ఒక్కొక్క పోగే తీయడం మొదలుపెట్టింది. ఏకు మేకైందంటే ఏమిటో అక్కడ చూశాను. పోగు వెంట చర్మం లేస్తుంటే నా భార్య ఎడమచేత్తో నా చొక్కా పిడికిట్లో పట్టుకుంది.

"ఈ పత్తికి పురుగుమందు ఎన్నిసార్లు కొట్టారు?" అని డాక్టరమ్మ తలెత్తకుండానే అడిగింది.

"ఆరుసార్లండి."

కాలగానే పావుగంటో ఇరవై నిమిషాలో మామూలు నీళ్లు ధారగా పోసి ఉంటే ఇంత కష్టం ఉండేది కాదంది. "ఇంట్లో నీళ్లు లేవా?"

రెండు బకెట్లూ ఒక డ్రమ్మూ నా కళ్లముందు నిలిచాయి. ఉన్నాయండి అన్నాను.

తర్వాత రోజు విడిచి రోజు కట్లు మార్పించాం. పుండుకు చీము పడుతుందేమోనన్న భయం నన్ను రెండు వారాలు తినేసింది. చీము పట్టలేదుగానీ బొటనవేలి మొదట్లో చర్మం బిగుసుకుపోయింది. పెళ్లివాళ్ల గుడ్డలు అలాగే ఉన్నాయి. ఆమె చెబుతుంటే నేను కత్తిరిస్తానని సాహసించి, జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించాను.

"నాకిప్పుడున్నదీ ఎడమ చెయ్యేగా. నేనే తొడుక్కుంటాలెండి" అంది. నేను గుడ్డముక్కలు ఏరుకుంటూ కూర్చున్నాను.

ఆరోవారం డాక్టరమ్మ బొటనవేలితో మిగతా వేళ్లను ఒక్కొక్కటే తాకమంది. చూపుడువేలు అందింది. మధ్యవేలు అందింది. ఉంగరంవేలు కొంచెం కష్టంమీద. చిటికెనవేలికి వడ్లగింజంత దూరంలో ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది, అక్కడే ఆగింది. ఇంకా కదిలిస్తూ ఉండాలని, పూర్తిగా వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనని డాక్టరమ్మ అంది.

"కత్తెరకు చిటికెనవేలితో పనిలేదులెండి" అంది నా భార్య, నా వైపు చూడకుండా.

ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా పాత చీరముక్క పరిచి సుద్దతో గీత గీసింది. కత్తెర ఎత్తింది. గీత వెంట జానెడు దూరం తిన్నగా వెళ్లింది, అక్కడ బొటనవేలు పట్టు తప్పి పక్కకు జారింది. ఆమె ఆ ముక్కను అవతల పెట్టింది.

"ఇంకో ముక్క ఇవ్వండి" అంది.