ఖాదర్ భాయ్ చూసిన నేను

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అయినా ఆ శుక్రవారం జరిగింది మాత్రం నాకు మింగుడుపడదు.

డెబ్బైల నాటి మాట. ఒమాన్‌లో నిజ్వా దగ్గర ఒక సైట్‌లో తాపీ పని చేసేవాణ్ణి. అక్కడికి పైన కొండల్లో ఒక పాత పట్నం ఉంది. దాని బురుజు మీద టర్కీ సుల్తానుల కాలపు ఫిరంగి ఉందని సైట్‌లో చెప్పుకునేవారు. రెండేళ్లుగా చూడాలని నా కోరిక. సెలవుంటే బండి దొరకదు, బండి దొరికితే డ్యూటీ. చివరికి మా కంపెనీ డ్రైవర్, కడప ఖాదర్ భాయ్, రంజాన్ నెలలో జీపు తీశాడు.

ఆయన రోజా ఉన్నాడు. ఊరి మసీదులో నమాజు చేసుకొచ్చి, ఎండలో ఎక్కలేనని ఖర్జూరపు చెట్ల నీడన జీపులోనే కూర్చున్నాడు. ఉపవాసాల ఊళ్లో నీళ్లు తాగుతూ తిరగడం బాగుండదని నేను క్యాను జీపులో వదిలేశాను. అప్పటికింకా మూత కూడా తీయలేదు.

కింది నుంచి బురుజు స్పష్టంగా కనబడుతోంది. సందుల్లో దూరగానే మాయం. ఏ సందు పట్టినా అదే నీలం తలుపు ముందు తేలాను, మూడుసార్లు. అడుగుదామంటే ఊరంతా నిద్రలో ఉంది. నాలుక పిడచకట్టింది. ఫిరంగిని తిట్టుకుంటూ దిగొచ్చాను.

క్యాను అందుకుంటే సగమే ఉంది.

ఖాదర్ భాయ్ నన్ను వింతగా చూశాడు. "ఇందాకే వచ్చి తాగిపోతివి కదా. ఫిరంగి దొరకలేదని తిట్టుకుంటా మళ్లీ పైకి పోతివి," అన్నాడు.

నేను రాలేదన్నాను. ఆయన వినలేదు. నా గళ్ల చొక్కానే అన్నాడు, నా జగిత్యాల యాసే అన్నాడు.

కాళ్లు కాలి, గొంతు ఎండి ఉన్నానేమో, నోరు జారాను.

"దూపైతే తాగిన అని చెప్పరాదు భాయ్. రోజా ఉండి అబద్ధమెందుకు?"

ఆయన ఇంజిన్ స్టార్ట్ చేశాడు. రోజూ ఇఫ్తార్‌లో నాకు తీసిపెట్టే ఖర్జూరాలు ఆ సాయంత్రం పెట్టలేదు.

వారం తర్వాత తప్పయిందన్నాను. "నేను తాగలేదు. నువ్వే తాగితివి. అంతే," అన్నాడు. కంపెనీ మారి వెళ్ళేదాకా ఆ మాట మార్చలేదు.

ఆయన తాగలేదని నేను నమ్ముతాను. నేనూ తాగలేదు. జీపులో ఎక్కడా తడి లేదు, క్యాను మూత బిగించే ఉంది.

ఖాదర్ భాయ్ మాటే నిజమైతే, ఆ మనిషి మళ్లీ పైకి వెళ్ళాడు. అతను దిగడం మాత్రం మేమిద్దరం చూడలేదు.