బస్సు రాని షెల్టరు

మలేషియాలో తెలుక్ ఇంటాన్ రోడ్డు దిగి పామాయిల్ తోటల్లోంచి లోపలికి వెళితే మా ఎస్టేటు ఊరు వస్తుంది. మలుపులో కొత్త బస్సు షెల్టరు ఉంది. పచ్చ రేకుల కప్పు, స్టీలు బెంచీ. మా ఊరికి జరిగిన అభివృద్ధిలో కంటికి కనిపించేది అదే. దాన్ని కట్టేనాటికి బస్సు రావడం మానేసింది. మాన్పించింది నేను.

పొద్దునొకటి, సాయంత్రమొకటి బస్సు వచ్చేది. నేను ఒక పాత వేన్ కొని, బస్సుకు కాస్త ముందుగా బయలుదేరేవాణ్ణి. గుమ్మం ముందే ఎక్కించుకుంటానంటే మలుపు దాకా ఎవరు నడుస్తారు? ఊరికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. బస్సులో జనం పలచబడ్డారు. ఇక ఊరంతా నీదేనని ఆ డ్రైవరు ఒకరోజు ఖాళీ సీట్ల ముందు కూర్చుని నవ్వుతూ తమిళంలో అన్నాడు. నేనూ నవ్వాను.

బస్సు ఆగిపోయినప్పుడు దిగులుపడిన వాళ్ళకు మా మేనత్తే, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ, ధైర్యం చెప్పింది. ఆమెకు షుగరు, పాదం మీద మానని పుండు. కట్టు మార్పించుకోవడానికి టౌను క్లినిక్కుకు నా వేన్‌లోనే వచ్చేది.

"పోతే పోయింది లా. మా అల్లుడి వేన్ లేదేటి? ఆ బస్సోడు ఎప్పుడైనా నా గుమ్మం కాడికొచ్చి హారన్ కొట్టినాడేటి?"

తర్వాత నాకు దూరాన పోర్ట్ క్లాంగ్ రేవులో గోడౌను సూపర్‌వైజరు పని దొరికింది. వేన్ నడుపుతానని ఊళ్ళోనే ఒకతను అడిగాడు. అతనితో బేరం తేలేదాకా ఆగే ఓపిక లేక, టౌనులో కూరగాయల వ్యాపారికి అమ్మేశాను.

"మరి నాను దేంట్లో ఎల్లాలి అల్లుడా?" అంది అత్త.

"ఫోన్లో నొక్కితే టాక్సీ వస్తాది కదత్తా."

మలుపు దాటితే ఫోన్లో మాటలు వినబడతాయి గానీ నెట్ రాదు. ఆ తోటల్లోకి ఏ టాక్సీ రాదు. అది నాకు తెలుసు. తెలిసే ఆమె వేలు పట్టుకుని ఎక్కడ నొక్కాలో నేర్పించాను.

ఎవరి మోటారు సైకిలైనా దొరికినప్పుడే ఆమె క్లినిక్కుకు వెళ్ళేది. దొరకనప్పుడు మానేసేది. నేను ఫోన్ చేస్తే బాగానే ఉన్నాననేది. ఆ మాట నమ్మడం నాకు సులువు. చివరికి మోకాలి కింద కాలు తీసేశారు.

ఇప్పుడు సెలవు రోజున నేను వెళితే అత్త ఆ షెల్టరులోనే, చక్రాల కుర్చీలో ఉంటుంది. ఇంట్లోకన్నా అక్కడ గాలి బాగుంటుందట.

"నడిసేటప్పుడు కట్టలేదు. కాలు పోయినాక కట్టినారు. కూకోడానికి బాగుంది లా," అంది మొన్న. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని కూర్చున్నాను.

లేవబోతుంటే ఆమె రెండో పాదానికి చుట్టిన గుడ్డ కనిపించింది.

"అదేటత్తా?"

"సీమ కుట్టినాది. నువ్వెల్లు, రోడ్డు మీద లారీలెక్కువ."

పొద్దున్నే నాకు డ్యూటీ. నమ్మినట్టు తలూపి కారెక్కాను.