చిన్న తిరుపతి కొండకి, డిక్కీలో కొర్రమీనుతో

మా అత్తయ్యగారి పిత్తాశయంలో రాళ్ళున్నాయి. ఈ యాత్రకి మూలం అదేనండీ, భక్తి తర్వాత వచ్చింది. "ఆలస్యం చేస్తే చీము పడుతుంది, అప్పుడు ప్రాణం మీదకొస్తుంది, తీయించేసుకోండి" అని ఏలూరు డాక్టరుగారు చెప్పి నాలుగు నెలలైంది. మొదటిసారి ఆసుపత్రికి బయల్దేరుతుంటే బల్లి మీద పడిందని ఆగిపోయారు. రెండోసారి ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాక ఎవరో తుమ్మారట. ఆసుపత్రి గేటు దగ్గర తుమ్మకపోతే మనుషులు ఇంకెక్కడ తుమ్ముతారండీ? ఆ మాట నేను పైకే అన్నాను. ఆవిడ విననట్టే ఆటో వెనక్కి తిప్పించేశారు. నొప్పి వచ్చిన రోజున మాత్రం మంచం మీద ముడుచుకుపోయి దిండు కొరుక్కునేవారు. మా ఆయన గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకునేవారు.

మూడోసారి డాక్టరుగారు సోమవారం రమ్మన్నారు. అప్పుడు అత్తయ్యగారు కొత్త సంగతి బయటపెట్టారు. మాది కైకలూరు దగ్గర చేపల చెరువుల ఇల్లు. ఆమధ్య వర్షాల్లో కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయి, చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచిన రోజున ఆవిడ గట్టు మీద నిలబడి చిన్న తిరుపతి వెంకన్నకి తలనీలాలు మొక్కుకున్నారట. చేపలు బతికాయి. "ఆ మొక్కు తీరకుండా నేను కత్తి కింద పడుకోను" అని తేల్చేశారు. మా ఆయన ఆపరేషన్ అయ్యాక నెమ్మదిగా పెద్ద తిరుపతి తీసుకెళ్తాననబోయారు గానీ, ఆ పప్పులేం ఉడకలేదు. పెద్ద తిరుపతిలో మొక్కుకున్నది చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చట, చిన్న తిరుపతిలో మొక్కుకున్నది మాత్రం అక్కడే తీర్చుకోవాలట. సరే, శనివారం వెళ్ళొద్దాం అనుకున్నాం. దారిలో ఏ చిన్న దోషం తగిలినా ఆపరేషన్ మళ్ళీ అటకెక్కుతుందని మా ఇద్దరికీ తెలుసు.

చిన్న తిరుపతి అంటే ద్వారకా తిరుమల. ఏలూరు నించి హైవే మీద భీమడోలు వెళ్ళి, అక్కడ ఎడమకి తిరగాలి. ఏలూరు నించి కారులో గంట చాలు. ఏలూరు నించీ, మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం నించీ బస్సులున్నాయి, టికెట్టు వంద లోపే. పెద్దావిడ ఉన్నారు కదా అని మేం కైకలూరులోనే కారు మాట్లాడుకున్నాం. రానూపోనూ మూడున్నర వేలు, ఎప్పుడూ మాకొచ్చే డ్రైవరు శ్రీను భోజనం మనదే. అసలే కార్తీకమాసం, పైగా శనివారం. ముందురోజే అత్తయ్యగారు వంటిల్లు కడిగించి, చేపల గిన్నెలన్నీ పెరట్లోకి చేర్పించి, మా ఆయన చేత రెండుసార్లు తలస్నానం చేయించారు. "ఎన్నిసార్లు చేసినా వీడి దగ్గర మేత వాసన పోదు" అని నాతో చెప్పి నిట్టూర్చారు.

చీకటితోనే బయల్దేరాం. కొల్లేటి మీది రోడ్డెక్కేసరికి తెల్లారుతోంది. రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళ మీద పొగమంచు, అందులో పెద్ద ముక్కుల కొంగలు బారులు తీరి కూర్చున్నాయి. ఈ దారిన వెళ్ళేవాళ్ళు దయచేసి ఆ వేళకే వెళ్ళండి, ఎండెక్కితే అక్కడ దుమ్మూ లారీలూ తప్ప ఏమీ కనపడవు. దారిలో మా ఆయన స్నేహితుడు గంగరాజు గారి చెరువుంది. చెరువులో చల్లే మందు పొట్లం ఒకటి ఆయనకి ఇవ్వాలని అక్కడ ఆపించారు. గంగరాజు గారు శనివారాలూ కార్తీకాలూ పట్టించుకునే మనిషి కాదు.

"ఎక్కడికండీ పొద్దున్నే, కుటుంబంతో?" అన్నారాయన.

వెనక సీట్లోంచి అత్తయ్యగారు గట్టిగా దగ్గారు. శుభమా అని వెళ్తున్నప్పుడు ఎక్కడికని అడగకూడదు, అడిగినా చెప్పకూడదు. అది మా ఇంట్లో చట్టం. మా ఆయన తల గోక్కుని, "ఏలూరు దాకా" అన్నారు. గంగరాజు గారు సంతోషంగా తలూపారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఏలూరు దాటి హైవే ఎక్కాక ముందు సీట్లో మా ఆయన ఫోను మోగింది. "ఆ, చెప్పండి గంగరాజు గారూ" అన్నారు. ఆయన చెవులు ఎర్రబడటం వెనక నించి నాకు కనపడుతోంది. ఫోను పెట్టేసి నాకు మెసేజీ పంపారు. "డిక్కీలో కొర్రమీను. రెండు కేజీలు. బతికే ఉంది."

జరిగిందేంటంటే, మా తమ్ముడు ఏలూరులో ఉంటాడు. కొల్లేటి మనిషి ఏలూరు వెళ్తూ బావమరిది ఇంటికి వట్టి చేతులతో వెళ్ళడం గంగరాజు గారి దృష్టిలో పరువు తక్కువ పని. అందుకని మూతకి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో జానెడు నీళ్ళు పోసి, కొర్రమీనుని వేసి, డిక్కీలో పెట్టించేశారు. చిన్న తిరుపతి అని ఒక్క మాట చెప్పుంటే ఆ మనిషి కొబ్బరికాయ ఇచ్చేవారు! శ్రీనుని తర్వాత పక్కకి పిలిచి అడిగాను, చూస్తూ ఎలా ఊరుకున్నావయ్యా అని. "ఆయ్, ఎప్పుడూ పెడతారు కదండీ" అన్నాడు. అతని తప్పేం లేదు, మేమెక్కిన కారు డిక్కీ చేప లేకుండా ఏలూరు వెళ్ళిన రోజు నాకూ గుర్తులేదు.

వెనక్కి తిరిగి తమ్ముడింట్లో దింపేద్దామా అంటే, దారి మధ్యలో బండి తిప్పితే అత్తయ్యగారు నేరుగా ఇంటికే పొమ్మంటారు. భీమడోలులో టీకి ఆపించి, ఆవిడ కార్లో గోవింద నామాలు చదువుకుంటుంటే మేం ముగ్గురం చేపని వదిలించుకునే పనిలో పడ్డాం. ఊరికే ఇస్తామన్నా కొర్రమీనుని వద్దనే మనుషులుంటారని నేను కల్లో కూడా అనుకోలేదు. టీకొట్టు ఆయన నల్లబట్టల్లో, మెడలో మాలతో ఉన్నాడు. మా ఆయన చెప్పింది విని రెండు చెవులూ మూసుకుని, "స్వామీ, ఇది ఏ మాసం స్వామీ?" అన్నాడు. లారీ డ్రైవరు, "శనివారమండీ, మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు. జామకాయలమ్మే పెద్దావిడ కాస్త ఆశ పెట్టింది. డబ్బా మూత ఎత్తి చూసి, "బంగారంలా ఉంది బాబూ. కార్తీకం వెళ్ళాక తీసుకురా, తీసుకుంటాను" అంది.

"ఆ తుప్పల్లో పారబోసేద్దామండీ" అన్నాడు శ్రీను.

మా ఆయన అతని వంక చూసిన చూపు మీరు చూసుండాల్సింది. "రెండు కేజీల కొర్రమీనుని తుప్పల్లోనా? ప్రాణంతో ఉన్నదాన్నా? నువ్వు మనిషివేనా?" అన్నారు. చేసేది లేక డబ్బా మీద నా శాలువా కప్పి డిక్కీ మూసేశాం. కారు కదిలి రెండు గతుకులు దాటగానే వెనక నించి టపటపమని చప్పుడు మొదలైంది.

"ఏంట్రా అది?" అన్నారు అత్తయ్యగారు.

"స్టెప్నీ, అమ్మా. వదులైంది."

"మ్" అని ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నవ్వు ఆపుకోవడానికి నేను కిటికీ వైపు తిరిగాను.

కొండ మొదట్లో గరుత్మంతుడి పెద్ద విగ్రహం కనపడగానే మా ఆయనకి ఇంకో భయం పట్టుకుంది, చేపతో కొండెక్కడం ఎలాగని. పైన పార్కింగ్ ఖాళీ లేదట అని చెప్పి కారు కిందే ఆపించారు. ఆటోలో పైకి వెళ్దామనేది ఆయన ఆలోచన. అత్తయ్యగారు మెట్లవైపు చూసి, "కిందే దిగాం కదా, స్వామి నన్ను నడిచి రమ్మంటున్నాడు" అని కొంగు బిగించారు. కడుపులో రాళ్ళతో ఆవిడ ముందు, ఆయాసంతో మా ఆయన వెనక. మధ్యమధ్యలో ఆవిడ ఆగి పక్కటెముక కింద చెయ్యి పెట్టుకుంటుంటే, చేసిన మోసానికి తగిన శాస్తి ఆయన మొహంలో కనపడేది.

కల్యాణకట్టలో టికెట్టు తీసుకుని కూర్చుంటే పని చిటికెలో అయిపోయింది. అత్తయ్యగారి తెల్లజుట్టు ఒళ్ళో పడుతుంటే నేను తల పక్కకి తిప్పుకున్నాను. ఆవిడ మాత్రం గుండు తడుముకుని, "తేలిగ్గా ఉందే" అని నవ్వారు. ఉచిత దర్శనం క్యూలో రెండు గంటలు పైనే పట్టింది. టికెట్టు కొంటే కాస్త తొందరగా అవుతుంది గానీ, కార్తీక శనివారం ఏ వరసైనా వరసే. లోపల స్వామి దక్షిణ ముఖంగా ఉంటారు. మూలవిరాట్టులు రెండు, అందులో పుట్టలోంచి వెలసిన స్వామికి నడుము పైభాగమే కనపడుతుంది. ఆయన కింద చీమలున్నాయని, చుక్క నీళ్ళు పడినా అవి బయటికొస్తాయని అభిషేకం చెయ్యరట. పక్కన మా ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని పెదాలు కదుపుతున్నారు. ఏం కోరుకున్నారని బయటికొచ్చాక అడిగితే, "డిక్కీ సంగతి ఆయనకి ఎలాగూ తెలుసు, అమ్మకి తెలియనివ్వొద్దని" అన్నారు. అత్తయ్యగారు మాత్రం వెనక వాళ్ళు తోస్తున్నా కదలకుండా నిలబడిపోయారు. అన్నప్రసాదం తిని కిందకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

కారు దగ్గరికి రాగానే ఆవిడ తలుపు దగ్గరికి వెళ్ళలేదు. వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

"డిక్కీ తియ్యి."

"తాళం పట్టేసిందమ్మా..."

"కొల్లేట్లో పుట్టినదాన్నిరా నేను. కొర్రమీను తోక కొడితే స్టెప్నీ అంటావా? తియ్యి."

శ్రీను గబుక్కున తీసేశాడు. మా ఆయన తల వంచుకుని, గంగరాజు గారి సంగతంతా గడగడా చెప్పేశారు. ఇక ఆపరేషన్ లేనట్టేననుకున్నాను నేను. అత్తయ్యగారు శాలువా తీసి, మూత ఎత్తి, లోపలికి వంగి చూశారు. దారిలో సగం నీళ్ళు ఒలికిపోయాయి. కొర్రమీను పక్కకి ఒరిగి, నోరు పైకెత్తి ఒక గుక్క గాలి మింగింది.

"భీమడోలులో తెలిసినప్పుడు మంచి వంక దొరికిందనుకున్నాను" అన్నారావిడ. "దోషం జరిగింది, ఆపరేషన్ వద్దని స్వామితో చెప్పేద్దామనే లోపలికెళ్ళాను. అక్కడికెళ్ళాక ఆయనతో అబద్ధమాడటానికి నోరు రాలేదు. నాకు భయంరా అబ్బాయ్. మత్తిచ్చి గొంతులోకి గొట్టం వేస్తారంట కదా. ఆ రోజు చెరువులో చేపలు నోళ్ళు తెరిచి కొట్టుకున్నాయే, నేనూ ఆ బల్ల మీద అలాగే కొట్టుకుంటానని నిద్ర పట్టట్లేదు. బల్లీ లేదు, తుమ్మూ లేదు."

మా ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు కొట్టుకోవమ్మా. నీకు ఊపిరి అందించడానికే ఆ గొట్టం" అన్నారు.

"ఎంతసేపు?"

"గంటన్నర."

ఆవిడ మళ్ళీ డబ్బాలోకి చూశారు. "ఇది పొద్దున్నించి ఇలాగే ఉంది, చీకట్లో, చాలీచాలని నీళ్ళలో. దీనికి ఎవరూ గొట్టం కూడా పెట్టలేదు" అన్నారు. మూత నా చేతికిచ్చి, "సోమవారం వెళ్దాం. ముందు దీనికి నీళ్ళు పొయ్యండి" అన్నారు. శ్రీను మంచినీళ్ళ సీసాలన్నీ డబ్బాలో ఒంపేశాడు.

తిరుగు ప్రయాణంలో కొల్లేటి దగ్గర కారాపి, కొర్రమీనుని ఆవిడే నీళ్ళలోకి వదిలారు. అది ఒక్క తోక విదిలింపుతో మాయమైపోయింది. "రెండు కేజీలు" అని మా ఆయన గొణుక్కున్నారు. దానికి అత్తయ్యగారి దగ్గర నించి ఇంకో "మ్" వచ్చింది.

ఈ యాత్ర గురించి నేను చాలా ఆలోచించాను. ఇంట్లో నాలుగ్గోడల మధ్య బల్లి మీదికీ తుమ్ము మీదికీ నెట్టేసిన భయాన్ని, ఆవిడ అన్ని మెట్లెక్కి దిగాక కొడుకుతో చెప్పుకోగలిగారు. కొండకి వెళ్ళొచ్చినందుకు మాకు దక్కిన ఫలం అదేననిపిస్తుంది. ఇక మీకొక సలహా. కుదిరితే శనివారం కాకుండా వెళ్ళండి, పెద్దవాళ్ళుంటే మాత్రం కారు పైదాకా తీసుకెళ్ళండి. పైన పార్కింగ్‌కి బోలెడంత చోటుంది, మా ఆయన మాట నమ్మకండి.

సోమవారం డాక్టరుగారు ఖాళీ కడుపుతో రమ్మన్నారు. "కార్తీక సోమవారం, ఎలాగూ ఉపవాసమే" అని అత్తయ్యగారు గుండుతో దర్జాగా వెళ్ళారు. లోపలికి తీసుకెళ్తుంటే కొడుకుని పిలిచి, "నేను బయటికొచ్చేదాకా ఇక్కణ్ణించి కదలకు. చెరువు దగ్గర నించి ఫోనొస్తే ఎత్తకు" అన్నారు. ఆయన ఫోను తీసి నా చేతిలో పెట్టేశారు. పెళ్ళయ్యాక ఆయన ఫోను నా చేతిలో పెట్టడం అదే మొదలు. గంటన్నర అన్నది రెండున్నర గంటలైంది. అంతసేపూ ఆయన ఆ తలుపు ముందు నించి కదల్లేదు. సాయంత్రానికి ఆవిడ కళ్ళు తెరిచి, నోరు తెరిచి ఒక గుక్క గాలి పీల్చుకుని, కన్నీళ్ళు కారుతున్న కొడుకు మొహం చూశారు.

"ఏడుస్తావేంట్రా" అన్నారు. "బతికే ఉన్నాగా."