ఎర్రగడ్డకు రెండు టికెట్లు

మతి స్థిమితం తప్పిన తమ్ముణ్ణి తీసుకుని ఎర్రగడ్డ దవాఖానకు బయల్దేరిన రోజు, నారాయణఖేడ్‌ బస్సులో కండక్టరుకు అమీర్‌పేట అని చెప్పాను. ఎర్రగడ్డ దానికంటే ముందే వస్తుంది. ఎనభైల్లో మా వైపు ఆ పేరే ఒక తిట్టు. బస్సులో మమ్మల్ని ఎరిగిన మా ఊరి వాళ్లు, మనూరు వాళ్లు నలుగురున్నారు.

మా ముందు సీటులో ఒకామె, పక్కన ఆమె భర్త. ఆమె గట్టిగానే అడిగింది. “ఎర్రగడ్డకు రెండియ్యి.”

కండక్టరు నవ్వాడు. “ఎవరికమ్మా పిస? నీకా, ఆయనకా?”

“మా ఆయనకు. పానం బాగలేదు, దవాఖానకు తీస్కపోతున్న. నీకు జరమొస్తె సూది ఏపిచ్చుకోవా? అందుల నవ్వేదేమున్నది?”

అతను టికెట్లు చించాడు. ఆమె ఒకటి భర్త చేతిలో పెట్టి, “నీది నువ్వే పట్టుకో” అన్నది. మా రెండు టికెట్లూ నా జేబులోనే ఉన్నాయి.

ఎర్రగడ్డలో దిగుతూ ఆమె మా ఇద్దరినీ చూసింది. “మీరు గూడ దిగుతరా బిడ్డా?”

“లేదు, మేం ముంగటికి” అన్నాను. మనూరు వాళ్లు వింటున్నారు.

అమీర్‌పేటలో చాయ్‌ తాగి, ఆటోలో వెనక్కి వద్దామనుకున్నాను. తాగాక ఊరి బస్సే ఎక్కాం. మరుసటి వానాకాలం, ఏ డాక్టరూ చూడకుండానే తమ్ముడు పోయాడు.

ఆ రోజు ఎర్రగడ్డలో ఆమె దిగినప్పుడు వాడు కూడా సీట్లోంచి లేచాడు.

“అన్నా, మనం గూడ గీడనే గదా?”

“కూసో” అన్నాను.

కూర్చున్నాడు.