చిన్నోడికి సంబంధం

కొంగల కేంద్రంలో ఆవిడను అందరూ వదిన అనే పిలుస్తారు. అక్కడ వ్యాను తోలేవాడు ఆవిడకు సొంత మరిది. వాడి నోట విని విని ఆఖరికి డాక్టరమ్మ కూడా వదినా అనడం మొదలుపెట్టింది. ఆవిడకు నోరు ఊరుకోదు. నేల ఊడుస్తూ చీపురుతో మాట్లాడుతుంది, చేపలు కోస్తూ కత్తితో మాట్లాడుతుంది.

ఈ ఏడు ఆ నోరే కొంప ముంచేలా ఉందని తేలింది.

అక్కడున్నవి నల్లమెడ కొంగలు. బయట బురదనేలల్లో అవి ఎప్పుడో తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలినవి ఇలాంటి కేంద్రాల్లో కంచెల మధ్య బతుకుతున్నవే. వాటిలోనూ చాలామటుకు ఒకే జంట సంతానం. దేనికి దేన్ని జతకట్టినా అన్నాచెల్లెళ్ళో, పినతండ్రి బిడ్డలో అవుతారు. అలాంటి జంటల గుడ్లు మురిగిపోతాయి, పుట్టిన పిల్లలకు కాలివేళ్ళు వంకరపోతాయి. అందుకే డాక్టరమ్మ పని సగం వైద్యం, సగం వావివరసలు చూడడం.

ఆ గుంపులో ఎవరితోనూ చుట్టరికం లేనివాడు చిన్నోడొక్కడే. వాడి తల్లీ తండ్రీ వేరే బురదనేల నుంచి వచ్చారు, వీడొక్కణ్ణే మిగిల్చి పోయారు. ఆ రక్తం వాడి ఒంట్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. వాడికి పిల్లలు పుట్టకపోతే ఆ వంశం అక్కడితో సరి. వయసు చూస్తే మీద పడుతోంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు పుట్టలేదంటే, వాడు వదినను ప్రేమించాడు.

కొంగపిల్లను పెంచేటప్పుడు మనిషి మొహం దానికి కనపడకూడదు, గొంతు వినపడకూడదు. ఒళ్ళంతా తెల్ల ముసుగు వేసుకుని, చేతికి కొంగ తల బొమ్మ తొడుక్కుని, ఆ బొమ్మ ముక్కుతో తినిపించాలి. లేకపోతే పిల్ల మనిషినే తన జాతి అనుకుంటుంది. ఆ ముసుగులు కుట్టింది వదిన మొగుడే, దర్జీ పని ఆయనది. చిన్నోడికి పసితనంలో కాలు విరిగింది. తిండి ముట్టడం మానేశాడు. ఇక పోతాడనుకున్న రోజున వదిన ముసుగు పీకి అవతల పారేసింది, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని "తినరా నాయనా, నీకు దణ్ణం పెడతా" అని బతిమాలింది. తిన్నాడు. బతికాడు. ఆ గొంతు మాత్రం వాడి బుర్రలోంచి పోలేదు.

పెద్దయ్యాక ఏ ఆడకొంగను పక్కన పెట్టినా తరిమికొట్టాడు. వదిన కనపడితే చాలు, రెక్కలు విప్పి, మెడ వంచి, కుంటికాలితోనే గంతులు. గూటికి పుల్లలు ఏరుకొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పడేసేవాడు.

"మీ అన్న నాకిన్నేళ్ళలో ఒక్క పుల్ల తెచ్చాడా?" అనేది మరిదితో.

"అన్నయ్య కూడా ఆ గంతులు వేస్తే ముందు నువ్వే పారిపోతావు వదినా."

నవ్వులాటగానే ఉండేది గానీ పని మాత్రం జరగలేదు. డాక్టరమ్మ వాడి బీజం తీసి ఆడకొంగలకు సూదితో ఎక్కించి కూడా చూసింది. ఆ గుడ్లూ మురిగిపోయాయి.

ఈ ఏడు దూరపు కేంద్రం నుంచి వ్యానులో ఒక ఆడకొంగ దిగింది. వరస కుదిరింది. పెట్టె తలుపు తీసిన మరిదిని దిగీ దిగకముందే పొడిచింది. దానికి గయ్యాళి అని పేరు పడిపోయింది.

డాక్టరమ్మ వదినను గదిలోకి పిలిచింది.

"కోప్పడకు వదినా. గుడ్డు పెట్టేదాకా నువ్వు వాడి దొడ్డివైపు పోకూడదు. మేత గదిలోనే ఉండు. ఇంకోటి, అక్కడ నోరు విప్పకూడదు. నీ గొంతు వింటే వాడు కంచె వదలడు."

"పోకుండా ఉంటా. మాట్లాడకుండా ఎలాగమ్మా? చచ్చిపోతా."

"నువ్వు చావవులే. వాడి వంశమే పోతుంది."

వదిన మేత గదికి పోయి చేపల బుట్ట ముందేసుకుంది.

ఇంటికెళ్ళి పగలంతా ఆపుకున్న మాటలన్నీ మొగుడి మీద కుమ్మరించింది. "ఆ మిషను ఆపి వినండి. నేనప్పుడు ముసుగు తీయకుండా ఉండాల్సింది."

"తీయకపోతే వాడు బతికేవాడా?"

"బతికేవాడు కాదు."

"మరింకేం? సంబంధం వెతకడానికి పిల్లాడంటూ ఉన్నాడు కదే."

మేత గది కిటికీకి గోనెపట్టా కట్టారు. వదిన దాని చిరుగులోంచి చూసేది. మొదట చిన్నోడికీ గయ్యాళికీ మధ్య ఇనుప జాలీ ఉంచారు. ఇద్దరూ ఒకరికొకరు అలవాటుపడ్డట్టే కనిపించారు. అప్పుడు జాలీ తలుపు తీశారు.

గయ్యాళి నేరుగా వచ్చి చిన్నోడి కంటి పైన పొడిచింది. రక్తం కారింది. వాడు కుంటుకుంటూ మేత గది గోడ దగ్గరకొచ్చి, ఒళ్ళో ఉన్నప్పటి పిల్లకూత కూశాడు. మళ్ళీ కూశాడు.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. "వదినా, పిలువు వాణ్ణి! తలుపు తీస్తా, ఇటు వచ్చేస్తాడు. అది చంపేసేలా ఉంది!"

వదిన తల అడ్డంగా ఊపింది.

"నీకేమైనా పిచ్చా? పిలువంటుంటే!"

వదిన చేతిలోని మసిగుడ్డ నోట్లో కుక్కుకుని, రెండో చేత్తో డాక్టరమ్మ మణికట్టు పట్టుకుంది. ఏం జరుగుతుందో తెలిసి కాదు. ఇప్పుడు గొంతు వినిపిస్తే వాడిక జన్మలో ఆ గోడ వదలడని ఒక్కటే అనుకుంది. డాక్టరమ్మకూ అది తెలుసు, రక్తం చూసి తట్టుకోలేకపోయింది అంతే. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

గోడ పలకలేదు. చిన్నోడు కూసి కూసి ఆగాడు. వెనక్కి తిరిగాడు. మీదికొస్తున్న గయ్యాళిని రెక్కతో ఒక్కటిచ్చాడు. అది బిత్తరపోయి వెనక్కి తగ్గింది, కాసేపు అటూ ఇటూ చూసి, ఏమీ జరగనట్టు తొట్టి దగ్గరికి పోయి నీళ్ళు తాగింది. కాస్త ఆగి వాడూ అవతలి వైపు నుంచి మూతి పెట్టాడు.

ఆ తర్వాత అంతా తేలిగ్గా ఏమీ జరగలేదు. పొడుచుకున్నారు, అలిగారు, మళ్ళీ కలిశారు. ఒక ఉదయం వాడు గయ్యాళి ముందు రెక్కలు విప్పి గంతులేశాడు. వదిన చిరుగులోంచి అది చూసి, చేపల బుట్ట తిరగేసి దాని మీద కూలబడి ఏడ్చింది. సంతోషమో కడుపుమంటో ఆవిడకే తెలియలేదు.

గయ్యాళి గుడ్డు పెట్టింది. కొన్నాళ్ళు పొదగనిచ్చాక, లోపల పిల్ల కట్టిందో మురిగిందో దీపం ముందు పెట్టి చూడాలంది డాక్టరమ్మ. తేవడానికి వదినే వెళ్ళింది.

"ఒరే చిన్నోడా, నేనేరా," అంది.

వాడు తల నేలకు దించి, మెడ ఈకలు నిక్కబొడుచుకుని వచ్చి, చేతి మీద కసిగా పొడిచాడు. ఆవిడ గుడ్డు అందుకుని పరుగు.

చీకటి గదిలో గుడ్డు వెనక దీపం వెలిగింది. లోపల ఎర్రటి సన్నటి నరాలు, వాటి మధ్య కదులుతున్న చుక్క. డాక్టరమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. వదిన చేతి నుంచి రక్తం బల్ల మీద పడుతోంది, ఇద్దరూ దాని సంగతే పట్టించుకోలేదు.

"త్వరగా గూట్లో పెట్టేయాలి, చల్లారిపోతుంది," అంది డాక్టరమ్మ. "మీ మరిదిని పంపుదామా?"

"వద్దమ్మా, నేనే పోతా," అంది వదిన, గుడ్డు అరచేతుల్లో పెట్టుకుని లేస్తూ. "పొడిస్తే నన్నే పొడవనీ."